శాసనసభ్యుల జీతాల పెంపు (తెలుగు రాష్ట్రాలు)

ప్రజాప్రతినిధి జీతం పెంచాలా వద్దా అని ప్రజలనే ఓటడిగే ఆనవాయితీ తెలుగునేల మీద లేదు. ఉప్పల్ నియోజకవర్గంలోని రామంతాపూర్ ఓటరు తన ఎమ్మెల్యేను ఎన్నుకోగలడు, అంతే. ఆయన జీతాన్ని తేల్చేది ఆయన కూర్చునే సభే. రాజ్యాంగంలోని 195వ అధికరణం సభ్యుల జీతాలను, 164(5) మంత్రుల జీతాలను రాష్ట్ర చట్టసభకు అప్పగించాయి. గవర్నరు జీతం మాత్రం పార్లమెంటు చేతిలో ఉంది. నెలకు 5,500 రూపాయలతో మొదలైన ఆ జీతం 2018లో మూడున్నర లక్షలయింది.

అమెరికాలోని టెక్సస్‌లో పద్ధతి వేరు. అక్కడ 1876 నాటి రాజ్యాంగమే గవర్నరుకు ఏడాదికి 4,000 డాలర్లని రాసిపెట్టింది. దాన్ని 12,000 చేయడానికి 1936లో ఓటర్ల అనుమతి కావలసివచ్చింది. అక్కడి శాసనసభ్యులకు 1975లో ఓటర్లు ఒప్పుకున్న నెలకు 600 డాలర్ల జీతమే నేటికీ సాగుతోంది.

తెలంగాణలో అమలవుతున్న జీతాల మూల చట్టం హైదరాబాదులో పుట్టింది కాదు. కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం నాటి 1953 చట్టమది. దాని పేరులో జీతాల పక్కనే ‘అనర్హతల తొలగింపు’ అని కూడా ఉంటుంది. లాభదాయక పదవిలో ఉన్నవారు సభ్యులుగా ఉండరాదన్న నియమానికి మినహాయింపులు కూడా అందులోనే ఇచ్చారు. జీతం ఇచ్చే చట్టమే సీటునూ కాపాడుతుందన్నమాట.

ముఖ్యమంత్రిగా ఎన్.టి.రామారావు నెలకు ఒక్క రూపాయే జీతంగా తీసుకున్నారు. 2019లో జగన్మోహన్‌రెడ్డి కూడా అదే బాట పట్టారు. అవి సొంత నిర్ణయాలు, చట్టంలోని అంకెలు వాటితో మారలేదు.

మారింది 2016 మార్చిలో. తెలంగాణ ఎమ్మెల్యేకు నెలనెలా అందేది 95,000 నుంచి రెండున్నర లక్షలకు పెరిగి, దేశంలోనే అత్యధికమైంది. లెక్క విప్పి చూస్తే అసలు జీతం 12,000 నుంచి 20,000కే చేరింది. 83,000గా ఉన్న నియోజకవర్గ భత్యం మాత్రం 2,30,000కు ఎగబాకింది. కాబట్టి జీతమెంత అని అడిగితే 20,000 అని చెప్పినా అబద్ధం కాదు! అదే నెలలో ఆంధ్రప్రదేశ్ సభ కూడా 95,000ను 1,25,000 చేసింది.

ఎంపీల విషయంలో 2018 నుంచి ప్రతిసారీ బిల్లు తేవలసిన పని కూడా తప్పింది. ధరల సూచీని బట్టి ఐదేళ్లకోసారి జీతం పెరిగేలా చట్టం మార్చారు. ఆ లెక్కన లక్ష రూపాయల జీతాన్ని 1.24 లక్షలు చేస్తూ, 2023 ఏప్రిల్ నుంచే వర్తించేలా 2025 మార్చిలో ఒక నోటిఫికేషన్ వెలువడింది.