మోటారుబండిపై గీత

హైదరాబాదు నగరమున చౌమహల్లా ప్రాసాదములో 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ బండి యొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను దానిని కోరి చేయింపదలచెను గాని, 1911లోనే ఆయన కాలధర్మము చెందుటచే అది ఆయన కుమారునికి దక్కినది. చూడవచ్చినవారు సాధారణముగా లోపల ఎత్తుగా అమర్చిన సింహాసనమువంటి పీఠమును చూచి ఆశ్చర్యపడుదురు. మా దృష్టి మాత్రము బండి ఒంటిరంగుపై నిలిచినది. బండి రేకునకు అద్దమువంటి నునుపు ఎట్లు వచ్చును? దానిపై సన్నని గీత పడినచో ఎట్లు పోవును? ఈ రెండు ప్రశ్నలకును సమాధాన మొక్కటియే: అరగదీయుట.

గీతను తుడిచివేయుట యని వాడుకలో అందుము. కాని తుడిచినంత మాత్రమున పోవుటకు గీత మచ్చ కాదు, పల్లము. ఆ పల్లపు అంచులపై బడిన వెలుతురు తిన్నగా మరలక చెదరిపోవుటచే అది తెల్లని చారగా కనబడును. పల్లమును పైకి లేపజాలము గనుక చుట్టునున్న మెరకను దాని మట్టమునకు దింపవలయును. గీత పోయినదన్న చోట పూతయే కొంత పోయినదన్నమాట. ఈ ఖర్చును ఏ కాలమున ఎవరు భరించిరో చూచినచో మోటారుబండ్ల రంగుల చరిత్ర కొంత తెలియును.

తొలి మోటారుబండ్లకు రంగు వేసినవారు గుఱ్ఱపుబండ్లకు రంగు వేయు పనివారే. వారి సరుకు అవిసెనూనె, సఫేదా యను సీసపు తెలుపు, చెట్ల జిగురులతో కాచిన వార్నీషు. కుంచెతో ఒక పూత వేసి, అది ఆరువఱకు వేచి, గట్టిపడిన పిదప రాచి నునుపుచేసి, మరల నింకొక పూత వేసెడివారు. ఇట్లు ఒక బండి పూర్తియగుటకు వారములు పట్టెడిది. పూతలు మందముగా నుండెడివి గనుక తరువాత చిన్న గీతలు పడినను, నురుగురాతి మెత్తని పొడిని తడిగుడ్డ కద్ది ఓపికతో రాచినచో మాసిపోయెడివి. యజమానికి నష్టము లేదు.

నష్టము పనివానిది. సీసపు పూతను పొడి ఉప్పుకాగితముతో రాచినప్పుడెల్ల ధూళి లేచెడిది. అది ఊపిరితోను, అన్నముతోను లోనికి పోయెడిది. కొన్నాళ్ళకు కడుపులో మెలిపెట్టు నొప్పి, చిగుళ్ళపై నీలిచార, ఆపై మణికట్టు వ్రాలిపోయి కుంచె పట్టలేని స్థితి. కుంచెతో బ్రతుకువానికి ఇంతకన్న దారుణ మేమున్నది? ఇంగ్లండులో 1895 నాటి చట్టము కర్మాగారములలో సీసవిషము సోకిన ప్రతి సందర్భమును వైద్యులు ప్రభుత్వమునకు తెలుపవలెనని విధించెను. అట్లు చేరిన లెక్కలలో బండ్ల రంగు పనివారు ముఖ్యమైన వర్గముగా కానవచ్చిరి. 1898లో ఫ్యాక్టరీల తొలి వైద్య పరీక్షకుడుగా నియమితుడైన థామస్ లెగ్ ఈ విషయమున చిరకాలము కృషి చేసెను.

ఇట్లుండ 1921లో అమెరికాలో ఒక చిన్న వస్తువు అంగడికి వచ్చినది. ఫిలడెల్ఫియా నగరమున సిరాలు చేయు ఫ్రాన్సిస్ ఓకీ యనునతడు నీటిలో తడిసినను చెడని ఉప్పుకాగితమును కనిపెట్టగా, త్రీఎం కంపెనీవారు దానిని తయారుచేసి అమ్మిరి. తడిపి రాచినచో ధూళి లేవదు, నీటితో కలసి బురదయై జారిపోవును. గీతలును సన్నముగా పడును. ఆ యేడే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇండ్ల లోపలి గోడలకు సఫేదా వాడకమును కట్టడిచేయు ఒడంబడికను ఆమోదించెను. బ్రిటిషు ప్రభుత్వము దానికి సమ్మతింపక, 1926లో కట్టడములకు వేసిన సీసపు రంగులను పొడిగా రాచుట నిషేధించు చట్టముతో సరిపెట్టుకొనెను. లెగ్ అందులకు నిరసనగా తన పదవిని వదలెను. ఆ చట్టము ఇండ్లకు సంబంధించినదే గాని బండ్లది కాదు; అయినను తడి కాగితమునకు పొడి కాగితమునకు గల భేదము ఒక రాజ్యపు శాసనమున కెక్కుట గమనింపదగినది.

ఈలోపున కర్మాగారపు వేగము పాతపద్ధతిని త్రోసివేసినది. 1913లో ఫోర్డు కర్మాగారమున కదలెడు వరుసపై బండ్లు కట్టుట మొదలయ్యెను. బండి గంటలలో సిద్ధమగుచుండగా రంగు వారములకొలది ఆరుచుండుట పొసగునా? 1914 మొదలు 1925 వఱకు ఆ మోడల్ టి బండ్లు నలుపురంగుతోనే వెలువడినవి. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో యను లక్కపూతను తెచ్చుటతో చిక్కు విడిపోయినది. 1924 నాటి ఓక్‌లండ్ బండ్లు నీలవర్ణమున మెరసినవి దీని చలువనే. తుపాకి మందునకు వాడు నైట్రోసెల్యులోజే దీనికి మూలద్రవ్యము. ఇది చిమ్మిన కొలది నిమిషములకే ఆరును. కాని ఆరినప్పుడు మసకగా నుండును. రాచి మెరుగుపెట్టిననే కాంతి. కనుక రాచుముద్ద కర్మాగారమునుండి మెకానిక్కు కొట్టునకు, అచటినుండి యజమాని యింటికిని చేరినది. గీత పడినచో అదే ముద్దతో తానే రుద్దుకొనసాగెను. రుద్దిన గుడ్డకు బండి రంగు అంటుట ఆనాడు సహజము.

నేటి బండి తీరు వేరు. 1980ల నుండి వ్యాపించిన పద్ధతిలో రంగు అడుగున పలుచగా నుండును, దానిపై రంగులేని పారదర్శకపు పూత యుండును. మెరుపంతయు ఈ పైపూతదే. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి రంగును కాపాడు మందును ఇందే కలదు. దీని మందము సుమారు 40 నుండి 50 మైక్రానులు, అనగా తలవెండ్రుకకన్న పలుచన. తాతగారు తన బండిని రుద్దినట్లు మనుమడు ఏటేట రుద్దినచో నాలుగైదు సారులకే పూత బలహీనమై ఎండకు పొరలెత్తును. మైనపు పాలిషు గీతను తీయదు. పల్లమును నింపి కంటికి మరుగుచేయును, నాలుగు కడుగులతో అది పోవును. బ్రెజిలు తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చు కార్నౌబా మైనమునకును ఇంతకు మించిన మహిమ లేదు.

మన వీధులలో ప్రొద్దుటే దుమ్ముపట్టిన బండిని పొడిగుడ్డతో తుడుచుట చూచుచున్నాము. గుడ్డక్రింద ఇసుకరేణువు లుండును. ఆ గీతలను మనమే గీయుచున్నామన్నమాట! ముందు నీరు పోసి దుమ్ము జార్చిన పిదప తుడిచినచో సగము బాధ లేదు.

పడిన గీతపై గోరును అడ్డముగా నడిపి చూడవలయును. గోరు జారిపోయినచో గీత పైపూతలోనే యున్నది, మెత్తని ముద్దతోనే పోవచ్చును. గోరు తగిలి ఆగినచో రుద్దుట వృథా, రంగు వేయించుటయే దారి. ఈ రెంటికి నడిమి గీతలకు పనివాడు నేటికిని నల్లని సన్నని కాగితమును నీటి బొక్కెనలో నానవేసి, తడి ఆరనీయక, ఒత్తిడి లేకుండ రాచును. రేకుపై తెల్లని నీరు జారును. అది పైపూత అరిగిన తెలుపు. ఆ నీటిలో బండి రంగు పొడసూపిన తక్షణమే చేయి తీసివేయవలయును.