మినుము పోయాక వచ్చిన పొగ

గుంటూరుకూ తెనాలికీ నడుమ ఉన్న నందివెలుగు పరిసరాల్లో గాలి ఏడాది పొడవునా ఒక్క తీరుగా ఉండదు. కాలువలు నిండుగా పారే వానకాలంలో తేటగా ఉండే ఈ గాలి వరికోతల తరువాత, మార్గశిర పుష్యాలలో మసకబారి, ఎండలు ముదిరేనాటికి మరొకసారి పొగవాసన వేస్తుంది. ఈ తేడాను చలికీ మంచుకూ ఆపాదించడం పరిపాటే కాని, దాని చరిత్ర ఆకాశంలో కంటే పొలంలో పంట తరువాత పంట వచ్చే వరుసలోనే ఎక్కువగా దొరుకుతుంది.

1832-33 నాటి నందన కరువు గుంటూరు మండలాన్ని ఊడ్చిపెట్టిన రెండు దశాబ్దాలకు, 1852 నుంచి 1855 వరకు బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట లేచి, పడమటి డెల్టాకు కాలువనీరు అందడంతో ఇక్కడి నేలలో వరి ప్రధాన పంటగా స్థిరపడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ ఆనకట్ట స్థానాన్ని తీసుకున్నది. వరి వెంట వచ్చిన మినుము సాగుకు ఒక ప్రత్యేక పద్ధతి ఉండేది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచివున్న పైరులోనే, పదును ఆరని నేలపై మినుములు వెదజల్లేవారు. కొడవలితో కోసిన పనలు ఆరేలోపు విత్తనం మొలకెత్తేది, పనలను ఎత్తి కుప్ప వేసేనాటికి చేను మళ్లీ పచ్చబడేది. మొలక ఉన్న చేలో నిప్పు పెట్టే ప్రశ్నే లేదు. పైగా గడ్డి ఎడ్లకూ గేదెలకూ ఏడాది మేత కాబట్టి, కళ్లం మీద నూర్పిడి ముగియగానే అది వామికి చేరేది. వరిగడ్డికి కాపలా కాసింది చట్టం కాదు, మినుము మొలకా పశువుల ఆకలీ.

అంతమాత్రాన నాటి గాలి నిర్మలమనుకోవడం పొరపాటు. పిడకల పొయ్యిలు, తూర్పారబట్టేటప్పుడు లేచే దూగర, ధాన్యపు మిల్లుల ఊక, దుగ్గిరాల ప్రాంతంలో పసుపు కొమ్ములను ఉడికించే పొయ్యిల పొగ ఉండనే ఉన్నాయి. అయితే అవి చోటుచోటున లేచి అక్కడే అణగేవి.

మినుమును మొదట పల్లాకు తెగులు, బంగారు తీగ అనే పరాన్న కలుపు దెబ్బతీశాయి. తరువాత కూలీల కొరతతో వరికోత యంత్రం వచ్చింది. దాని చక్రాల కింద మొలక నిలవదు కాబట్టి, యంత్రానికీ మినుముకూ ఒకే చేలో పొత్తు కుదరలేదు. యంత్రం గడ్డిని పనలుగా కాక చెల్లాచెదురుగా వదిలింది. ట్రాక్టరు రాకతో ఎడ్లు తగ్గి, దాన్ని పోగుచేసే అవసరమూ తగ్గింది. దుక్కి దున్నకుండా వరి మాగాణిలో మొక్కజొన్న, జొన్న గింజలు పెట్టే పద్ధతి వ్యాపించాక, చేను త్వరగా ఖాళీ కావలసిన రైతుకు అగ్గిపుల్లే చవక పనిముట్టయింది.

గడ్డి సగం కాలినప్పుడు వెలువడే అతిసూక్ష్మ ధూళిని పీఎం 2.5 అంటారు, అంటే 2.5 మైక్రాన్లకు, మిల్లీమీటరులో నాలుగు వందల వంతుకు, మించని కణాలు. ఊపిరితిత్తుల లోతులకు చేరే ఈ కణాలు ఘనమీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం చెబుతుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 15గా సూచించింది. శీతకాలపు రాత్రి నేల త్వరగా చల్లబడి, పైన వెచ్చని గాలిపొర మూతలా నిలవడాన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఆ మూత కింద పొగ, కాలువల మీది మంచుతో కలిసి, పొద్దెక్కేదాకా ఊళ్లను వదలదు.

మొక్కజొన్న కోతల తరువాత చొప్పకు నిప్పు పెట్టే వేసవిలో ఈ మూత పగటిపూట ఉండదు, సాయంత్రానికి బాపట్ల, రేపల్లె తీరాల నుంచి పైరగాలి వీస్తుంది, పొగ ఊరిని విడిచి వాయవ్యంగా గుంటూరు దిక్కుకు సాగుతుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో గుంటూరు, విజయవాడ నగరాలున్నాయి గాని, ఆ పొగ పుట్టిన చేలు లేవు.