మా పద్మిని కారు – ఒక కండెమ్నేషన్ నోట్



ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నా సర్వీసులో చాలాకాలం జిల్లా కార్యాలయంలో వాహనాల సీటు చూశాను. లాగ్ బుక్కులు తనిఖీ చేయడం, రిపేరు బిల్లులు పాస్ చేయించడం, పాతబడిన జీపులకు, అంబాసిడర్లకు కండెమ్నేషన్ ఫైలు పెట్టడం నా పని. ఎన్నో బండ్లకు ఆ నోట్ వ్రాసిన నేను, సొంత కారు ఫైలును మాత్రం ఏళ్ల తరబడి పెండింగులో ఉంచాను. ఆ కారు కథే ఇది.

నాది 1987 మోడల్ ప్రీమియర్ పద్మిని. 1996లో దాచుకున్న సొమ్ముకు జి.పి.ఎఫ్. అడ్వాన్సు కలిపి సెకండ్ హ్యాండులో కొన్నాను. గుంటూరులో మా వీధికి అదే మొదటి కారు.

ఈ బండి పుట్టుక తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. బొంబాయి కుర్లాలో ఫ్యాక్టరీ. ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సుతో 1964 నుండి అక్కడ ఫియట్ 1100 డిలైట్ తయారైంది. లైసెన్సు గడువు తీరాక 1974లో అదే బండికి రాజపుత్ర రాణి పేరు మీద పద్మిని అని పేరు పెట్టారు. 1089 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు. ఆ రోజుల్లో డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఎదురు చూస్తే గాని బండి చేతికి వచ్చేది కాదు. అందుకే కొన్నవారు దానిని బాగు చేయించుకుంటూ కాపాడుకున్నారు. పాత బండిని అట్టిపెట్టుకోవడం మనకు సరదా కాదు, గత్యంతరం లేక అలవాటైనది.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి రోడ్డెక్కింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర లేకుండా పోయింది. కొత్త శతాబ్దం మొదట్లోనే పద్మిని తయారీ ఆగిపోయింది. బొంబాయి టాక్సీలుగా మిగిలినవి కూడా ఇరవై ఏళ్ల వయోపరిమితి నిండి 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి.

ఈ బండిలో సుగుణం ఏమిటంటే, జబ్బు కంటికి కనబడుతుంది. స్టార్టర్ తిరగకపోతే బ్యాటరీ చూడాలి. తిరిగీ అందుకోకపోతే ప్లగ్గు ఊడదీసి నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. రాకపోతే కాంటాక్ట్ పాయింట్లు గీకి, సందు సరిచేయాలి. నిప్పు ఉంటే ఇక పెట్రోలు సంగతి. రోహిణీ కార్తె ఎండల్లో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగితే, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే చాలు. ఈ వైద్యమంతా మా మెకానిక్ దగ్గర నేర్చుకున్నాను. దొరకని సామాను కోసం విజయవాడ ఆటోనగర్‌లో పూటంతా తిరిగిన రోజులున్నాయి.

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది. తరువాత ఐదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2002, 2007, 2012, 2017 – నాలుగు సార్లూ చేయించాను. ఐదోసారి, 2022 ఏప్రిల్ 1 నుండి ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000కు పెరిగింది. "నాన్నా, ఇక ఇచ్చేద్దాం" అన్నాడు మా అబ్బాయి. నేను వినలేదు, కట్టాను.

2024 వేసవిలో ఒక రాత్రి రెండు గంటలకు మా ఆవిడకు గుండెలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టాయి. ఆమెను కారులో కూర్చోబెట్టి తాళం తిప్పాను. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోలేదు. టార్చిలైటు పట్టుకుని బానెట్ ఎత్తాను. చేతులు వణికి ప్లగ్గు స్పానరు కింద పడింది. ఎదురింటి ఆటో అబ్బాయి లేచి వచ్చి, "బాబాయి గారూ, అది తరువాత చూడొచ్చు, పిన్ని గారిని ఇటు ఎక్కించండి" అన్నాడు. సమయానికి ఆసుపత్రికి చేరాము. దేవుని దయవల్ల ఆమె కోలుకుంది.

రెండో రోజున మెకానిక్ చూశాడు. పెట్రోలు పంపులో డయాఫ్రం చిరిగింది. చిన్న ముక్క. "పెట్రోల్లో ఇథనాల్ పెరుగుతోంది సార్, పాత రబ్బరుకు అది పడదు. వాసన రాలేదా?" అన్నాడు. పదిహేను రోజులుగా వస్తూనే ఉంది. రేపు చూద్దాం లెమ్మని ఊరుకున్నది నేనే.

ఇంటికి వచ్చాక మా ఆవిడతో బండి అమ్మేస్తానన్నాను. "దాని తప్పేముంది? వాసన వస్తున్నా మీరే పట్టించుకోలేదు" అంది. మన అమ్మాయిని అత్తవారింటికి దింపిన బండి అది, ఆమెకు ప్రాణం.

ఆ మాట నిజమే. అందుకే అమ్మాలనుకున్నాను. ఆఫీసు నోట్‌లో బండి వయసు, తిరిగిన కిలోమీటర్లు, రిపేరు ఖర్చు వ్రాసేవాణ్ణి. ఆ లెక్కన మా పద్మిని ఇంకా పనికివచ్చేదే. సామాను దొరుకుతుంది, ఖర్చు భరించగలిగినదే. కాని యజమాని వయసుకు ఆ నోట్‌లో కాలమ్ లేదు. పాత బండికి రోజూ కన్ను, ముక్కు, చేయి అప్పగించి ఉండాలి. డెబ్బై అయిదు దాటిన నాకు ఆ శక్తి తగ్గింది.

పాత కార్లంటే ఇష్టమున్న ఒక యువకుడికి ఇచ్చాను. తోటి పెన్షనర్లకు ఒక మనవి. బండి ఇచ్చిన రోజే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేసి, పేరు మారేదాకా వెంటపడండి. రిజిస్టరులో పేరున్నవారే ప్రమాదానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తుక్కు క్రింద ఇస్తే, పద్నాలుగు రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్.సి. రద్దు చేయించుకోవాలి.

మొన్న ఆ యువకుడు బండికి రంగు వేయించి తెచ్చి చూపించాడు. మా ఆవిడ ముందు సీటులో కూర్చుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి ఇంజను చప్పుడు విన్నాను. ఎక్కడా తప్పు లేదు. ఫైలు మూసివేశాను.

సెలవు.