పేర్ల రిజిస్టరుకు రెండో కన్ను

గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒకే పేరుగల ఇద్దరి ఫైళ్లు కలిపేశాను. పాపం, ఒకరికి మూడు నెలలు పింఛను ఆగింది. నిరుడు సోంపేటలో మనవడి ఫోనులో లైఫ్ సర్టిఫికెట్ పంపుతుంటే అది గుర్తొచ్చింది.

ఇంటర్నెట్టుకూ ఓ మూల పేర్ల రిజిస్టరుంది. దాని నకళ్లను ఎ నుంచి ఎం వరకు 13 పేర్ల రూట్ సర్వర్లు చూపుతాయి. నడిపేవి 12 సంస్థలు. వాటి క్షేమంపై ఐకాన్ సంస్థకు నిపుణుల కమిటీ సలహా చెబుతుంది, అధికారం చెలాయించదు.

తెలుగు లిపిలో ‘భారత్’ 2011లోనే ఆ రిజిస్టరుకెక్కింది. రాబోయే పేర్ల కోసం మరో నిపుణుల బృందం మన అక్షరాలను, వాటిని పోలిన కన్నడ అక్షరాలను సరిచూసింది. 2019లో తెలుగు నియమాలు ఖరారయ్యాయి.

నా బల్ల దగ్గరా అలాంటి రెండో కన్ను ఉండి ఉంటే, ఆ ఇంట పొయ్యి ఆరేది కాదు.