'ఎస్' గుర్తు పెట్టిన ఇన్‌వాయిస్‌లు

మా రావల్కోల్ నుంచి మేడ్చల్ మీదుగా సిటీకి పోతుంటే, కొంపల్లి దగ్గర కుడివైపు తిరిగితే బహదూర్‌పల్లి వస్తుంది. సత్యం కంప్యూటర్స్ పెద్ద క్యాంపస్ అక్కడే ఉండేది. 1987లో బి. రామలింగరాజు పెట్టిన కంపెనీ, 2001కల్లా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దాకా వెళ్ళింది. ఇంజనీరింగ్‌లో చేరిన మా బ్యాచ్‌లో సగం మందికి జీవితాశయం ఆ గేటు లోపల ఒక ట్యాగ్.

2009 జనవరి 7న మధ్యాహ్నం టీవీలో ఆయన ఉత్తరం గురించి చెప్తున్నారు. నాయిన పొలం నుంచి వచ్చి, "ఐదు వేల కోట్లు లేవంటే, ఎవడు ఎత్తుకపోయిండు బిడ్డా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు, అసలు లేనే లేవు అన్నది అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. సెప్టెంబర్ 2008 లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు ఉత్త కాగితం మీదివే. ఆ సెప్టెంబర్‌లోనే కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది వాళ్ళకి!

ఈ కథని అందరూ దురాశ కథగానే చెప్తారు. నా వృత్తి వల్ల కావచ్చు, నన్ను పట్టుకుంది మాత్రం ఒక చిన్న ఫీల్డు. సీబీఐ దర్యాప్తులో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. కంపెనీ సొంత ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు బిల్లుకి 'హెచ్' అని, కొన్నిటికి 'ఎస్' అని గుర్తు ఉండేది. ఎస్ అంటే సూపర్ యూజర్. ఆ బిల్లులు ప్రాజెక్టు నడిపే వాళ్ళ స్క్రీన్ మీద కనపడవు, అమ్మకాల మొత్తంలో మాత్రం కలుస్తాయి. అంటే ఎవరో ఒక ఇంజనీరు కూర్చుని ఆ కండిషన్ రాశాడు, ఇంకెవరో టెస్ట్ చేశారు. వాళ్ళకి ఏమని చెప్పి ఉంటారు? బహుశా "రిక్వైర్‌మెంట్" అని.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నా మొదటి ఉద్యోగంలో (కంపెనీ పేరెందుకు) రెండు వారాలు పనిలేక ఖాళీగా ఉన్నాను. టైమ్‌షీట్‌లో రోజుకి ఎనిమిది గంటలు క్లయింట్ పేరు మీద వేయమన్నాడు మేనేజర్. "అందరూ వేస్తారులే." వేశాను. రాజు ఉత్తరం ప్రకారం ఆయనదీ మొదట చిన్న తేడానే, ఏటేటా పెరిగి చేయిదాటింది. ఆ మాటని పూర్తిగా నమ్మక్కర్లేదు. సొంతానికి రూపాయి తీసుకోలేదని కూడా అందులోనే రాశారు. 2014లో సెబీ మాత్రం ఆయనా, మరి కొందరూ కలిసి 1,849 కోట్ల అక్రమ లాభం వెనక్కి కట్టాలంది. తేడా చిన్నగా మొదలవుతుందన్న ముక్కని మాత్రం నేను కొట్టిపారేయలేను.

మా ఊళ్ళో ఆయన్ని తిట్టేవాళ్ళు తక్కువ. కారణం 108. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్స్ సర్వీసుకి కేంద్రం ఇదే రోడ్డు మీద, దేవరయాంజాల్‌లో. రాత్రిపూట నొప్పులొచ్చిన మా పెద్దమ్మ కోడలిని తీసుకెళ్ళింది ఆ బండే. "దొంగో దొరో, బండైతే వచ్చింది" అంటుంది పెద్దమ్మ. షేర్లు కొన్నవాళ్ళ ముందు నిలబడి ఆ మాట అనగలమా? ఉత్తరం బయటికొచ్చిన ఒక్క రోజులో ఆ షేరు విలువలో మూడొంతులకు పైగా పోయింది. పదవీ విరమణ డబ్బు అందులో పెట్టినవాళ్ళకి ఏ బండీ రాలేదు.

కంపెనీని 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా తీసుకుంది. 2015 ఏప్రిల్ 9న పదిమందికి ఏడేళ్ళ శిక్ష పడింది, నెల తిరిగేసరికి బెయిలూ వచ్చింది. రాజు సోదరులతో పాటు ఆ పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు, కొందరు ఫైనాన్స్ ఉద్యోగులు. 'ఎస్' కండిషన్ కోడ్ రాసిన చెయ్యి ఎవరిదో అని నేను ఇప్పటికీ వెతుకుతుంటాను.

నా రెండు వారాల టైమ్‌షీట్‌ని మేనేజర్ అదే సాయంత్రం అప్రూవ్ చేశాడు. క్లయింట్ ఏమీ అడగలేదు, బిల్లు కట్టేశాడు.