నవ్వే మనిషి వెనక ఉన్న అసలు కేసు

ఈ రోజు ఒక యానిమే గురించి మాట్లాడుకుందాం. కానీ కథ మొదలయ్యేది యానిమేలో కాదు, 1984లో, జపాన్‌లోని ఒక ఇంట్లో.

మార్చి 18, రాత్రి. మనలో చాలామందికి తెలిసిన పోకీ స్నాక్ ఉంది కదా, దాన్ని తయారుచేసే గ్లికో కంపెనీకి అప్పటి ప్రెసిడెంట్ ఎజాకి కట్సుహిసా. నిషినోమియాలో తన ఇంట్లో ఆయన స్నానం చేస్తుండగా, ముసుగు మనుషులు లోపలికొచ్చి ఎత్తుకెళ్ళిపోయారు. 100 కోట్ల యెన్లు, 100 కేజీల బంగారం ఇమ్మన్నారు. మూడు రోజులకి ఆయనే ఒక గోదాం నుంచి తప్పించుకుని బయటపడ్డారు.

అక్కడితో అయిపోలేదు. పేపర్లకి, పోలీసులకి ఉత్తరాలు రావడం మొదలైంది. రాసినవాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇరవై ఒక్క ముఖాల రాక్షసుడు'. ఎడొగావా రంపో డిటెక్టివ్ కథల్లో ఇరవై ముఖాల దొంగ ఒకడుంటాడు, ఆ పేరుకి ఇంకో ముఖం కలిపారన్నమాట. ఒసాకా యాసలో పోలీసుల్ని ఎగతాళి చేస్తూ రాసేవాళ్ళు. మిఠాయిల్లో సయనైడ్ కలిపామని బెదిరించారు. షాపుల్లోంచి సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత మొరినాగా అనే ఇంకో కంపెనీ వంతు. ఈసారి సయనైడ్ ఉన్న ప్యాకెట్లు నిజంగానే షాపుల్లో దొరికాయి. 'విషం ఉంది, తింటే చస్తారు' అన్నట్టు వాటిమీద చీటీలు కూడా అంటించారు! అదృష్టం, తిని ఎవరూ చనిపోలేదు.

కానీ ఒక ప్రాణం పోయింది. షిగా ప్రాంతంలో అనుమానితుడు దాదాపు చేతికి చిక్కి జారిపోయాడు. 1985 ఆగస్టులో అక్కడి పోలీస్ చీఫ్ ఆత్మహత్య చేసుకున్నారు. కొద్ది రోజులకే చివరి ఉత్తరం వచ్చింది, ఇక ఆపేస్తున్నామని. అంతే, ఆ ముఠా మాయం. ఒక్కరు కూడా దొరకలేదు. 2000లో చట్టం పెట్టిన కాలపరిమితి కూడా ముగిసిపోయింది. ఇప్పుడు దొరికినా శిక్ష వేయలేరు.

రెండేళ్ళు దాటాక, 2002 అక్టోబర్‌లో, 'ఘోస్ట్ ఇన్ ది షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్' మొదలైంది. ప్రొడక్షన్ ఐ.జి. స్టూడియో, దర్శకుడు కెంజి కమియామా, మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు. 2030 నాటి జపాన్. మెదడునే నెట్‌కి కలుపుకున్న మనుషులు, వాళ్ళ మధ్య టెర్రరిజాన్ని అడ్డుకునే సెక్షన్ 9 పోలీసులు, వాళ్ళని ముందుండి నడిపే మేజర్ మొటోకో కుసనాగి.

నేను మొదటిసారి చూసినప్పుడు హ్యాకింగ్ కథ అనుకుని, మాటలు ఎక్కువున్న ఎపిసోడ్లు స్కిప్ చేశాను. తర్వాత గ్లికో కేసు చదివి మళ్ళీ చూశాను. మొత్తం మారిపోయింది. ఇక్కడినుంచి స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకోండి.

ఈ కథలోనూ ఒక కంపెనీ పెద్ద కిడ్నాప్ అవుతాడు. కిడ్నాపర్ లైవ్ టీవీలో తుపాకీ పెట్టి 'నిజం చెప్పు' అంటాడు. చూస్తున్నవాళ్ళ కళ్ళనీ కెమెరాలనీ హ్యాక్ చేసి, తన ముఖం ఉండాల్సిన చోట నవ్వే బొమ్మ ఒకటి పెడతాడు. అతనే లాఫింగ్ మ్యాన్. తర్వాత అతని పేరుతో మిగతా కంపెనీలకి బెదిరింపులు. ఆరేళ్ళయినా దొరకడు. పోలిక కనిపించింది కదా?

అసలు విషయం ఇదీ. ఆ కుర్రాడికి డబ్బు అక్కర్లేదు. పనిచేయని వైద్యాన్ని అమ్ముకోవడానికి, పనిచేసే వ్యాక్సిన్‌ని తొక్కేశారని నెట్‌లో ఒక బెదిరింపు లేఖ చూశాడు. ఆ లేఖ రాసింది అతను కాదు. చదివి నమ్మి, నిజం బయటికి రావాలని బయల్దేరాడు, అంతే. కానీ ఆ తర్వాత అతని బొమ్మ వెనక దాక్కుని డబ్బు గుంజినవాళ్ళు వేరు. వాళ్ళకి పదవులున్నాయి. 6వ ఎపిసోడ్‌లో అయితే, ఒకరికొకరు సంబంధం లేని మనుషులు 'నేనే లాఫింగ్ మ్యాన్' అంటూ ఒక పోలీసు ఉన్నతాధికారి మీద వరసగా దాడికి దిగుతారు. నాయకుడు లేడు, అసలు లేదు, అన్నీ నకళ్ళే. టైటిల్‌లోని స్టాండ్ అలోన్ కాంప్లెక్స్ అంటే ఇదే.

1984లో కూడా ఇలాగే జరిగింది. ఆ రాక్షసుడి పేరు వాడుకుని బెదిరించిన అనుకరణగాళ్ళు బోలెడంతమంది. నెట్ లేని రోజుల్లో, పేపర్లు, టీవీలే ఆ పేరుని ఊరూరా మోశాయి.

సిరీస్ గ్లికో కేసుని ఛేదించలేదు. దొంగెవరో చెప్పలేదు. ఆ ముసుగు వల్ల లాభపడిందెవరు అని మాత్రం అడిగింది. ఆ కుర్రాడు చెప్పాలనుకున్న వ్యాక్సిన్ నిజం ఆరేళ్ళు ఎవరికీ పట్టలేదు. అతని లోగో మాత్రం అందరికీ నచ్చింది. నాకు భయం వేసింది అక్కడే. నేనూ అంతే కదా, ఏదైనా వైరల్ అయితే బొమ్మ షేర్ చేస్తాను, వెనక ఉన్న విషయం చదవను.

అన్నట్టు, జపాన్‌లో మిఠాయి డబ్బాల మీద, తెరిస్తే తెలిసిపోయేలా పల్చటి ప్లాస్టిక్ చుట్టడం ఈ కేసు తర్వాతే బాగా పెరిగింది. దొంగలు దొరకలేదు, ఆ ప్లాస్టిక్ మిగిలింది. ఈసారి సిరీస్ చూస్తే, మాటలున్న ఎపిసోడ్లు మాత్రం స్కిప్ చేయకండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.