తీసెయ్యమన్నా తియ్యని మనిషి

రండ్రా, మంటకి దగ్గరగా జరగండి. ధనుర్మాసం చలి కొల్లేటి మీంచి తిన్నగా మన మండవల్లి మీదకే వస్తోంది. ఆ కొబ్బరిమట్ట ఇలా వెయ్యి. ఆఁ, ఇప్పుడు చెప్పు పెద్దోడా, హైదరాబాదులో నీ కింద పనిచేసే కుర్రాడి సంగతి. పని వచ్చు, కానీ నలుగురిలో చెప్పమంటే నోరు పెగలదు. "నా వల్ల కాదు సార్" అంటాడు. పైవాళ్ళేమో వాణ్ణి మార్చెయ్యమంటున్నారు. అంతే గదా? దీనికి మన చుట్టుపక్కల మొదలైన ముచ్చటే ఒకటుంది, వినండి.

మనల్ని 2022లో ఏలూరు జిల్లాలో కలిపారు గానీ, అంతకుముందు మనది కృష్ణా జిల్లా. సంతకైనా, సినిమాకైనా గుడివాడే పోయేవాళ్ళం. ఆ గుడివాడ పక్కన రామాపురంలో పుట్టాడు అక్కినేని నాగేశ్వరరావు గారు. చదువు చిన్నబడితోనే ఆగిపోయింది. ఆడవాళ్ళు నాటకాలెయ్యని రోజులు గనక స్త్రీ వేషాలు కట్టేవాడు. మన పక్కనున్న పెయ్యేరు మనిషి దుక్కిపాటి మధుసూదనరావు గారు ఆయన్ని ఎక్సెల్షియర్ నాటక సమాజంలోకి తీసుకున్నాడు. చదువుకున్నవాడు, ఓర్పున్నవాడు. నాటకం ఆడించి, తప్పు దిద్ది, మళ్ళీ ఆడించేవాడని మా నాన్న చెప్పేవాడు. తరవాత బెజవాడ స్టేషన్లో సినిమాలు తీసే ఘంటసాల బలరామయ్య గారి కంట్లో పడ్డాడు నాగేశ్వరరావు. 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడయ్యాడు. చీర కట్టి ఆడిన కుర్రాడికి రాముడి వేషం! ఇచ్చినవాడి గుండెధైర్యం చూడండి ముందు.

దుక్కిపాటి వారు చేసిన పని ఇంకోటుంది, నాకు అదే గొప్పగా తోస్తుంది. 1951లో అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టినప్పుడు, పెద్ద చదువులేని నాగేశ్వరరావు గారిని ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టాడు. తను మేనేజింగ్ డైరెక్టరుగా పక్కన నిలబడ్డాడు. మొదటి సినిమా 'దొంగరాముడు' 1955లో గానీ రాలేదు. డైరెక్టరు కె.వి. రెడ్డి గారే తియ్యాలని అన్నేళ్ళూ ఆగారు. తొందరపడే మనిషి కాదు దుక్కిపాటి. మనిషి మీద నమ్మకం పెట్టుకుంటే, అది కుదిరే దాకా ఆగేవాడు.

ఆ సంస్థలోనే ఆదుర్తి సుబ్బారావు గారు 'తోడికోడళ్ళు', 'మాంగల్యబలం', 'వెలుగునీడలు' తీశాడు. ఆయన దగ్గరికే వస్తున్నా.

ఏలూరు సి.ఆర్. రెడ్డి కాలేజీలో బుర్రిపాలెం కుర్రాడొకడు చదివేవాడు. కృష్ణ. ఆ కాలేజీలో ఓసారి నాగేశ్వరరావు గారికి సన్మానం చేశారు. ఆ జనాన్నీ, ఆ అభిమానాన్నీ చూసి, నేనూ నటుణ్ణవుతాననుకున్నాడు. ఒకటి రెండు చిన్న వేషాలు దొరికాయి. అప్పుడే ఆదుర్తి వారు కొత్తవాళ్ళు కావాలని పేపర్లో ప్రకటన వేశారు. కృష్ణ ఫోటోలు పంపాడు, ఎంపికయ్యాడు. 'తేనె మనసులు'కి నాయకులూ, నాయికలూ అంతా కొత్తవాళ్ళే.

తీరా షూటింగు మొదలయ్యాక కుర్రాడు బిగుసుకుపోయాడు. మాట సరిగ్గా పలకడం కష్టమైంది, డాన్సు అయితే మరీ కష్టం. అప్పటిదాకా తీసింది చూసినవాళ్ళు ఈ అబ్బాయిని తీసెయ్యండన్నారు. డబ్బు పెట్టేవాళ్ళు అలా అంటే ఏ డైరెక్టరుకైనా కాళ్ళు వణుకుతాయి. ఆదుర్తి గారు తియ్యలేదు.

తియ్యకుండా ఏం చేశాడన్నదే నువ్వు పట్టుకోవాల్సింది, పెద్దోడా. భుజం తట్టి "నువ్వు చెయ్యగలవు" అని వదిలెయ్యలేదు. ఎక్కడ తడబడుతున్నాడో అక్కడ మనిషిని పెట్టాడు. మాట పలకడానికి తన దగ్గరున్న కె. విశ్వనాథ్ గారిని, డాన్సుకి హీరాలాల్ మాస్టారిని. భయం అంటాం గానీ, సగం భయాలు పని పూర్తిగా రాకపోవడం వల్లే. ఆ రానిది నేర్పకుండా ఎంత ధైర్యం చెప్పినా చెవికెక్కదు.

కాలం కూడా కలిసొచ్చింది. మొదట కొంత భాగం నలుపు తెలుపుల్లో తీశారు. తరవాత రంగుల్లో తీద్దామని, తీసింది పక్కనబెట్టి మళ్ళీ మొదలెట్టారు. మొదటిసారి చేసిన పొరపాట్లన్నీ దిద్దుకోవడానికి కొత్తవాళ్ళకి రెండో అవకాశం దొరికింది. నలుగురూ చూడకముందే తప్పులు చేసి, దిద్దుకునే చోటు ఎంత మంది కుర్రాళ్ళకి దొరుకుతుందిరా? నువ్వు మీటింగులో పదిమంది ముందు నీ కుర్రాణ్ణి నిలబెట్టే ముందు, నీ ఒక్కడి ముందు రెండుసార్లు చెప్పించావా?

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న కొల్లేట్లో తాటిదోనె నడపడం నేర్పాడు. గడ నా చేతికిచ్చి, తను గట్టు మీద నిలబడి కేకలెయ్యలేదు. అదే దోనెలో నా వెనకాల కూర్చున్నాడు. మునిగితే ఇద్దరం మునుగుతాం. నాకు ధైర్యం అందుకే వచ్చింది. ఆదుర్తి గారు కూడా తన సినిమానే ఆ కుర్రాడి మీద పెట్టి కూర్చున్నాడు.

1965లో 'తేనె మనసులు' వచ్చింది, బాగా ఆడింది. స్కూటరు మీంచి కారు మీదకి దూకే సీను ఉంటుంది, డూపు లేకుండా కృష్ణే చేశాడు. అది చూసే నిర్మాత డూండీ గారు 'గూఢచారి 116'కి పిలిచాడు. డాన్సు రానివాడని తీసెయ్యమన్నవాళ్ళకి ఆ తెగువ కనపడలేదు. ప్రతివాడికీ ఏదో ఒకచోట బెదురు లేకుండా చేసే పని ఉంటుంది. అది వెతికి, అందరికీ కనపడేట్టు పెట్టాలి.

ఆదుర్తి గారు అక్కడితో ఆపలేదు. మరుసటేడు 'కన్నె మనసులు'లో మళ్ళీ కృష్ణనే పెట్టుకున్నాడు. మొదటి అవకాశం జాలితో కూడా ఇస్తారు. రెండోది నమ్మితేనే ఇస్తారు, ఆ సంగతి పుచ్చుకునేవాడికి తెలుస్తుంది.

అలాగని అందరూ నేర్పితే వచ్చేస్తారని నేను చెప్పను. కొందరికి ఆ పని సరిపడదు, అప్పుడు మర్యాదగా వేరే పనిలో పెట్టాలి. కానీ నేర్పకముందే తీసెయ్యడం అన్యాయం. ఆ రోజు తీసేసి ఉంటే కృష్ణ మూడొందల పైచిలుకు సినిమాలు చేసేవాడే కాదు.

పండగ సెలవులయ్యాక వెళ్ళి ఆ కుర్రాణ్ణి పక్కకి పిలు. భయమేమిట్రా అనకు, ఏది రావట్లేదో అడుగు. దానికి ఒక మనిషిని చూడు, లేదంటే నువ్వే కూర్చో. పైవాళ్ళు అడిగితే వాడి పనికి జవాబు నాదని చెప్పు. ఈ పని బాగా చేసినా చెయ్యకపోయినా, తరవాతి పనిలో కూడా వాడి పేరు రాయి.